ఎత్తు పెరిగిన ఎంజీబీ

ఎంజీబీ రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. సిడ్ ఎనెవర్ నేతృత్వంలో రూపుదిద్దుకుని 1962లో విడుదలైంది. ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో 1980 దాకా తయారైంది. ఐదు లక్షలకు పైగా కార్లు అమ్ముడైతే, వాటిలో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లాయి. ఆ దేశపు చట్టమే కారు ఎత్తును మార్చింది.

గంటకు 5 మైళ్ల వేగంతో ఢీకొన్నా దీపాలు, ఇంధన వ్యవస్థ చెడిపోకూడదని అమెరికా 1973 మోడళ్ల నుంచి నిబంధన పెట్టింది. ఆ తర్వాత బంపర్ ఏ ఎత్తులో ఉండాలో కూడా నిర్ణయించింది. ఎంజీబీని తయారుచేస్తున్న బ్రిటిష్ లేలాండ్ కారు ముందు భాగాన్ని కొత్తగా రూపొందించలేదు. 1974లో క్రోమ్ బంపర్ల స్థానంలో బరువైన నల్ల బంపర్లు బిగించి, కారును అంగుళం నుంచి ఒకటిన్నర అంగుళాల దాకా పైకి లేపింది. 1975 మోడల్‌లో ముందువైపు యాంటీరోల్ బార్‌నూ తీసేసింది. మలుపుల్లో కారు బాగా పక్కకు ఒరగసాగింది. 1977 మోడల్‌లో ముందువైపూ వెనకవైపూ యాంటీరోల్ బార్లు వచ్చాయి గానీ ఎత్తు మాత్రం తగ్గలేదు. అభిమానులు ఈ కార్ల ముందు సస్పెన్షన్‌ను దించుకోవడానికి మూలం ఇదే.

ఎంజీబీ ముందు చక్రాన్ని కింద విష్‌బోన్, పైన షాక్ అబ్జార్బర్ చేతులు పట్టి ఉంచుతాయి. మధ్యలో కాయిల్ స్ప్రింగ్ ఉంటుంది. ఇవన్నీ ఇంజిన్ కింద అడ్డంగా ఉండే ఉక్కు క్రాస్‌మెంబర్‌కు బిగించి ఉంటాయి. 1974లో ముందువైపు ఎత్తు పెరిగింది ఈ క్రాస్‌మెంబర్ మార్పుతోనే. అందుకే పాత క్రోమ్ బంపర్ కారు క్రాస్‌మెంబర్ తెచ్చి వేయడం అన్నిటికన్నా సరైన పద్ధతి. విష్‌బోన్ల కోణం చెదరదు. అయితే స్టీరింగ్ ర్యాక్ కూడా దానిమీదే ఉంటుంది కనుక, స్టీరింగ్ కాలమ్‌తో దాన్ని మళ్లీ సరిగా కలపాలి.

పొట్టి స్ప్రింగులు వేయడం సులువైన పద్ధతి. దీనికో పరిమితి ఉంది. కారు ఎంత ఒరుగుతుందన్నది గురుత్వ కేంద్రానికీ, రోల్ సెంటర్‌కూ (కారు ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో ఆ బిందువుకూ) మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. కారు దిగితే గురుత్వ కేంద్రం దిగుతుంది. కానీ విష్‌బోన్లు చక్రం వైపు పైకి లేస్తే రోల్ సెంటర్ అంతకన్నా ఎక్కువ దిగిపోతుంది. అప్పుడు కారు కిందికి వచ్చినా ఒరుగుడు పెరగవచ్చు. ఆ లోటు పూడ్చడానికే పొట్టి స్ప్రింగులను మరింత గట్టిగా చేస్తారు, లావుపాటి యాంటీరోల్ బార్ జతచేస్తారు. స్ప్రింగ్ కుదించుకునే చోటు తగ్గుతుంది కాబట్టి రోడ్డు గుంటల్లో సస్పెన్షన్ రబ్బరు బఫర్‌కు తగలకుండా చూడాలి. ఉన్న స్ప్రింగ్‌ను కోసి పొట్టి చేస్తే, కోసిన కొన తన గుంటలో సమంగా కూర్చోదు.

కుదించిన స్ప్రింగ్‌లో ప్రాణాలు తీసేంత బలం దాగి ఉంటుంది. కారును గట్టి స్టాండ్లపై నిలిపి, స్ప్రింగ్‌ను కింద మోసే స్ప్రింగ్ పాన్‌ను పొడవాటి బోల్టులతో కొద్దికొద్దిగా దించాలి. రెండు వైపులా ఒకే జత స్ప్రింగులు వేయాలి. పని ముగిశాక చక్రాల అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల గురి సరిచూడాలి. వెనక భాగం ఎత్తునూ పెంచారు కనుక, అక్కడి కమాను పట్టీలను (లీఫ్ స్ప్రింగులను) కూడా తగినట్టు మారిస్తేనే కారు సమతూకంగా నిలుస్తుంది.