సార్వభౌమత్వం, న్యాయపరిధి, హక్కు: హైదరాబాద్ సంస్థానం నుండి పటాన్‌చెరు వరకు

ఉపోద్ఘాతం

వ్యక్తి సమ్మతించకపోతే న్యాయస్థానానికి అతనిపై అధికారం ఉండదన్నది ‘సార్వభౌమ పౌరుల’ వాదం. 1970ల నుండి అమెరికాలో వ్యాపించిన ఈ వాదాన్ని అక్కడి న్యాయస్థానాలు అంగీకరించలేదు. న్యాయపరిధికి వెలుపల ఉండటమే స్వేచ్ఛ అనే భావన దీనికి ఆధారం. హైదరాబాద్ సంస్థాన చరిత్ర ఇందుకు విరుద్ధమైన అనుభవాన్ని చూపుతుంది.

జనార్దన్ రెడ్డి కేసు

1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత సంస్థానంలో సైనిక గవర్నరు జె.ఎన్. చౌదురి పాలన మొదలైంది. తెలంగాణ సాయుధ పోరాటానికి సంబంధించిన హత్య కేసులను ప్రత్యేక ట్రిబ్యునళ్లు విచారించాయి. అవి విధించిన మరణశిక్షలను హైదరాబాద్ హైకోర్టు 1949 డిసెంబరులో ఖరారు చేసింది. మరుసటి నెల 26న భారత రాజ్యాంగం అమలులోకి వచ్చింది.

ఖైదీలు 136వ అధికరణం కింద సుప్రీంకోర్టును ఆశ్రయించారు. తీర్పుల నాటికి హైదరాబాద్ న్యాయస్థానాలు భారత భూభాగంలోనివి కావనీ, ఆ అధికరణం గత తీర్పులకు వర్తించదనీ 1950 డిసెంబరు 14న కోర్టు తేల్చింది. తరువాత 32వ అధికరణం కింద హెబియస్ కార్పస్ కోరారు. న్యాయవాదిని నియమించుకునే అవకాశం దక్కలేదన్నది వారి ప్రధాన ఆరోపణలలో ఒకటి. విచారణలో లోపాలున్నా, వాటి వల్ల ట్రిబ్యునలుకు పరిధే లేకుండా పోదని భావించి, 1951 మార్చి 16న కోర్టు ఆ పిటిషన్లనూ కొట్టివేసింది. కొద్ది వారాల తేడా అప్పీలు హక్కును దూరం చేసింది. సుప్రీంకోర్టు పరిధి వర్తించకపోవడం ఆ ఖైదీలకు స్వేచ్ఛ కాలేదు. రక్షణ లేమి అయింది.

పటాన్‌చెరు అనుభవం

నేటి రుద్రారం, పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతాలు నాటి సంస్థానంలోనివే. రసాయన పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు, పరిసర గ్రామాల నీరు, పొలాలు కలుషితమైనప్పుడు, 1990లో అదే 32వ అధికరణం కింద సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. ఈసారి పరిధి ప్రశ్న అడ్డు రాలేదు. సంగారెడ్డిలోని మెదక్ జిల్లా న్యాయమూర్తి నష్టంపై విచారించి నివేదిక ఇచ్చారు. అయితే వ్యాజ్యం 2001లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు, 2013లో జాతీయ హరిత ట్రిబ్యునలుకు బదిలీ అయింది. న్యాయస్థానం తలుపు తెరుచుకున్నా పరిహారం కోసం రైతులు ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది.

ముగింపు

న్యాయపరిధి వ్యక్తి ప్రకటనతో తొలగిపోయేది కాదు; రాజ్యాంగం, భూభాగం, తేదీ దానిని నిర్ణయిస్తాయి. బలహీనుడికి అది భారం కన్నా ముందు ఆశ్రయం. 1950లో ఆ ఆశ్రయం అందలేదు. 1990లో అందినా ఫలితం ఆలస్యమైంది. కనుక తెలంగాణలో హక్కుల చరిత్రను న్యాయస్థాన నిరాకరణ చరిత్రగా కాక, న్యాయస్థాన ప్రవేశం కోసం, సకాల పరిష్కారం కోసం సాగిన ప్రయత్నాల చరిత్రగా అధ్యయనం చేయవలసి ఉంది.