ఆగమాలు తోడైన బుల్లెట్టు

2009లో మన రోడ్ల మీదికి వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ మోటారుసైకిలును ఎప్పుడైనా నిలబడి తీరికగా చూచినారా? నడిపేవాని ఆసనం క్రింద రెండు స్ప్రింగులు నగల వలె బయటికే కనబడుతూ ఉండేవి. వెనుక చక్రానికి ఇరువైపులా షాకబ్జార్బర్లు ఉండనే ఉన్నవి. గతుకు తగిలినప్పుడు ఆ దెబ్బను మ్రింగే పని ప్రధానంగా వాటిదే. అటువంటప్పుడు ఆసనం క్రింద మళ్ళీ ఈ స్ప్రింగులు దేనికి?

సమాధానం కోసం అరవయ్యేళ్ళు వెనక్కు పోవాలి. రెండవ ప్రపంచయుద్ధం నాటికి ఇంగ్లండులో తయారయ్యే మోటారుసైకిళ్ళలో చాలావాటికి వెనుక చక్రం చట్రానికి బిగుసుకొని ఉండేది. రోడ్డులోని ప్రతి గుంటా నేరుగా మనిషి వెన్నెముకకు చేరేది. మధ్యవర్తిగా ఉన్నవి ఆసనం క్రింది స్ప్రింగులు మాత్రమే. 1948లో రెడ్డిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు బుల్లెట్టు కొత్త రూపాన్ని సిద్ధం చేసినప్పుడు, వెనుక చక్రాన్ని పట్టుకొనే కొమ్మలు పైకీ క్రిందికీ ఊగే ఏర్పాటు దానికి అమర్చినారు. అదే సంవత్సరం ఇటలీలో జరిగిన అంతర్జాతీయ ఆరురోజుల పోటీలో గెలిచిన బ్రిటిషు జట్టులో ఈ కొత్త బుల్లెట్లు ఉన్నవి. అంతవరకు ఆ ఏర్పాటును శంకించినవారికి అది గట్టి జవాబైనది. చక్రమే ఊగుతున్నప్పుడు ఆసనం ఊగవలసిన పని తగ్గింది. క్రమంగా స్ప్రింగుల జీను పోయి, ఇద్దరు కూర్చునే పొడవాటి మెత్తటి సీటు వచ్చింది.

అనగా 2009 నాటి ఆ స్ప్రింగులు పనికంటె జ్ఞాపకానికే ఎక్కువగా ఉన్నవన్న మాట. పాతరూపాన్ని బుద్ధిపూర్వకంగా తిరిగి తెచ్చుకొనే ఈ పద్ధతిని 'రెట్రో' అంటున్నారు. ఆ రూపాన్ని ఎవరూ తప్పు పట్టనక్కరలేదు. చూడ ముచ్చటగానే ఉంటుంది. చిక్కంతా ఆ బండి మీద నాలుగు వందల కిలోమీటర్లు పోదామనుకొన్నప్పుడు మొదలవుతుంది.

బుల్లెట్టు మన దక్షిణాదికి వచ్చిన కథ చాలామందికి తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. సరిహద్దుల్లో తిరిగే సైన్యం అవసరాల కోసం ఇంగ్లండు నుంచి తెప్పించిన ఈ బండ్లను ఇక్కడనే కూర్చడానికి, 1955లో మద్రాస్ మోటార్స్ వారి భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. అప్పటికి ఆంధ్రరాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయి రెండేళ్ళు. కర్మాగారం వెలసినది తిరువొత్తియూరులో. తన శిష్యుడు వీణ కుప్పయ్యరు కోసం త్యాగరాజస్వామి వెళ్ళి, త్రిపురసుందరి మీద తెలుగులో పంచరత్నాలు కూర్చిన తిరువొత్తియూరు అదే. మోటారుసైకిలు కథలో ఇది ఎందుకని అడగవద్దు. ఆ ఊరిపేరు వ్రాసి ఈ మాట వ్రాయకుండా ఉండటం తెలుగు పండితునికి సాధ్యం కాదు.

1967లో రెడ్డిచ్ కర్మాగారం మూతపడ్డది. 1970 నాటికి ఇంగ్లండులో ఎన్‌ఫీల్డు తయారీయే ఆగిపోయింది. తిరువొత్తియూరులో మాత్రం అదే బండి, పెద్దగా మారకుండా, దశాబ్దాల తరబడి తయారవుతూ వచ్చింది. ఇక్కడ ఒక భేదం గమనించాలి. ట్రయంఫ్ వారి బాన్‌విల్ విషయంలో పాత కర్మాగారం 1983లో మూతపడి, వేరే యాజమాన్యం క్రింద మరొక చోట 2001లో అదే పేరుతో కొత్త బండి పుట్టింది. మన జావా కూడా 1996లో మైసూరులో ఆగి, 2018లో మళ్ళీ వచ్చినదే. ఇవి నిజమైన 'రెట్రో'లు. చచ్చిన పదాన్ని నిఘంటువు లోనుంచి తీసి మళ్ళీ వాడుకలో పెట్టడం వంటివి. బుల్లెట్టు అటువంటిది కాదు. అది నోటినుంచి నోటికి తెగకుండా వచ్చిన పదం. అందుచేతనే దాన్ని వాడినవారు అవసరం కొద్దీ దానికి ఏవేవో చేరుస్తూ వచ్చినారు.

ఈ చేర్పుల మీదనే నా వ్యాసం. ఇటీవల ఒక వాదం తరచు వినబడుతున్నది. పాతరూపుగల బండికి గాలి అద్దం బిగించడం, ప్రక్కల సంచులు తగిలించడం, సీటు మార్చడం అపచారమట. కంపెనీ నుంచి వచ్చినది వచ్చినట్లు ఉంచితేనే దాని మూలరూపాన్ని గౌరవించినట్లట. చరిత్ర తెలిసినవారు అనవలసిన మాట కాదిది.

మన వ్యాకరణంలో వర్ణాలకు జరిగే మార్పులను లోపం, ఆగమం, ఆదేశం అని చెబుతారు. ఉన్నది పోతే లోపం. కొత్తది వచ్చి ప్రక్కన చేరితే ఆగమం. ఉన్నదానిని తొలగించి దాని చోట మరొకటి కూర్చుంటే ఆదేశం. ఆగమం మిత్రుని వంటిదనీ, ఆదేశం శత్రువు వంటిదనీ పెద్దలు చమత్కరించినారు. మా + అమ్మ 'మాయమ్మ' అయినప్పుడు మధ్యలో వచ్చిన యకారం ఎవరినీ గెంటివేయలేదు. రెండు అచ్చులు ఒరుసుకోకుండా మెత్తగా మధ్యలో కూర్చున్నదంతే. దూరప్రయాణానికి మోటారుసైకిలును సిద్ధం చేయడమంటే, నా దృష్టిలో, ప్రధానంగా ఇటువంటి ఆగమాలను చేర్చడమే.

లోపానికి కూడా చరిత్ర ఉన్నది. 1950లలో, 60లలో లండను చుట్టుప్రక్కల ఏస్ కేఫ్ వంటి కాఫీ హోటళ్ళ దగ్గర చేరే కుర్రకారు వేగం కోసం బండిమీది బరువునంతా ఊడదీసేవారు. హ్యాండిలు క్రిందికి దింపి, టాంకు మీద బోర్లా పడుకొన్నట్లు నడిపేవారు. ఆ వేషాన్నే కంపెనీలు తరువాత అమ్మకానికి పెట్టినవి. ఎన్‌ఫీల్డు వారి కాంటినెంటల్ జీటీ అనే పేరు 1960లలోనిది, 2013లో మళ్ళీ వచ్చింది. చూపరులకు అదే అసలైన పాతకాలపు శైలి అనిపిస్తుంది. ఒక గంట నడిపితే మణికట్లు, నడుము వేరే సంగతి చెబుతాయి.

అదే కాలంలో అదే దేశంలో రెండవ పాయ కూడా ఉన్నది. దాన్ని గురించి తక్కువమంది మాట్లాడుకొంటారు. 1950ల ద్వితీయార్ధంలో ఇంగ్లండులోని 'ది మోటార్ సైకిల్' పత్రికవారు, ఎండా వానా గాలీ తట్టుకొనే దూరప్రయాణపు బండి ఎలా ఉండాలో ఊహించి, దాన్ని నిర్మింపజేసినారు. 'డ్రీమ్‌లైనర్' అని పేరు పెట్టినారు. ముందు వెనుకలు ఫైబరుగ్లాసు కవచంతో మూసివేసిన ఆ బండికి ఆధారం ఏమిటనుకొన్నారు? మూడువందల యాభై సీసీల బుల్లెట్టే! దాని ఫలితంగానే ఎన్‌ఫీల్డు కంపెనీ 'ఎయిర్‌ఫ్లో' అనే పేరుతో కవచం గల నమూనాలను అమ్మకానికి తెచ్చింది. బుల్లెట్టుకు గాలి అద్దం అపచారమనేవారు ఈ సంగతి తెలుసుకొనవలె. పుట్టినింటిలోనే దానికి ఆ నగ పెట్టినారు.

గాలి అద్దానికి ఇంత ప్రాముఖ్యం దేనికంటే, పాత ఇంగ్లీషు బండ్ల మీద మనిషి నిటారుగా కూర్చుంటాడు. వెన్నుకు అది మేలే. కాని ఎనభై దాటేసరికి రొమ్ము తెరచాప అవుతుంది. గాలి త్రోపుడు వేగంతో పాటు సమంగా పెరిగేది కాదు, వేగం రెట్టింపైతే అది నాలుగు రెట్లవుతుంది. ఆ త్రోపుడుకు ఎదురొడ్డి గంటల తరబడి హ్యాండిలును పట్టుకొని వ్రేలాడవలసి వస్తుంది. సాయంత్రానికి మెడ, భుజాలు పట్టివేసేది రోడ్డువల్లనే అనుకొంటారు. సగం గాలివల్ల.

అమెరికాలో క్రెయిగ్ వెట్టర్ అనే రూపశిల్పి 1971లో 'విండ్‌జామర్' అనే గాలికవచాన్ని తెచ్చినాడు. దాని గొప్ప ఏమిటంటే అది ఏదో ఒక్క కంపెనీ బండికి గాక, తగిన బిగింపులతో అనేక కంపెనీల బండ్లకు అమరేది. 1974లో హోండా వారు గోల్డ్‌వింగ్ అనే పెద్ద బండిని ప్రదర్శించినప్పుడు దానికి గాలికవచమూ లేదు, ప్రక్కపెట్టెలూ లేవు. కొన్నవారే వెట్టర్ కవచాలూ పెట్టెలూ తెచ్చి బిగించుకొన్నారు. కంపెనీ అది చూచి, 1980లో 'ఇంటర్‌స్టేట్' అనే పేరుతో అవన్నీ అమర్చిన బండిని తానే తయారు చేసింది. చరిత్రలో ప్రయోగం ముందు, సూత్రం తరువాత. వ్యాకరణంలో కూడా అంతే కదా!

సామాను మోయడం సంగతీ ఇటువంటిదే. 1932లో లండను నుంచి డగ్లస్ మోటారుసైకిలు మీద ప్రపంచయాత్రకు బయలుదేరి మన దేశం మీదుగా పోయిన రాబర్ట్ ఎడిసన్ ఫుల్టన్ అనే అమెరికా యువకుడు బండిని ముందే తన యాత్రకు అనువుగా మార్పించుకొన్నాడు. యుద్ధం తరువాత ఇంగ్లండులో కెన్ క్రేవెన్ అనే యాత్రికుడు తన ప్రయాణాల అనుభవంతో మోటారుసైకిలు పెట్టెలు తయారుచేసే వ్యాపారమే పెట్టినాడు. వీరందరూ నేర్చిన పాఠం ఒకటే: బరువు ఎంత క్రిందికి, ఎంత ముందుకు ఉంటే బండి అంత మాట వింటుంది. వెనుక క్యారియరు మీద ఎత్తుగా కట్టిన మూట బండి ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది, మలుపులో తోకలా ఊపుతుంది.

మన దేశానికే ప్రత్యేకమైన ఆగమం ఒకటి ఉన్నది: చీరగార్డు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళిలోని 123వ నియమం, వెనుక కూర్చునేవారికి చేతిపట్టు, కాలు పెట్టుకొనే ఆధారం ఉండాలనీ, వెనుక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ ఉండాలనీ చెబుతున్నది. ఏ ఇంగ్లీషు ఇంజినీరుకూ తట్టని అవసరం అది. మన ఆడవాళ్ళ చీరకుచ్చెళ్ళు తట్టించినవి. ఇప్పుడు దూరప్రయాణాలకు పోయేవారు మొట్టమొదట ఊడదీసేది పాపం దీనినే. ఆ చోట 'లద్దాఖ్ క్యారియర్' అని పిలిచే ఇనుప చట్రం బిగించి, ఒకవైపు సంచి, మరొకవైపు పెట్రోలు డబ్బా తగిలిస్తారు. మిత్రుని పిలవబోయి శత్రువును తెచ్చుకొన్నట్లు. వెనుక ఎవరైనా కూర్చునే పక్షంలో గార్డును ఉంచి, దాని మీదుగా చట్రం బిగించే పద్ధతి వెదకటం మేలు.

అయితే ఆదేశాలన్నీ శత్రువులని నేననను. సీటు మార్చక తప్పదు. క్లాసిక్ జీను అందమైనదే గాని నూరు కిలోమీటర్లకే తొడల క్రింద దాని అంచు తెలుస్తుంది. కొంచెం వెడల్పుగా, బరువు ఒకే చోట పడకుండా పంచే గట్టి స్పాంజితో వేరే సీటు కుట్టించుకోవాలి. మరీ మెత్తనిది మొదటి గంటే సుఖం. హ్యాండిలును ఒక అంగుళం పైకి, ఇవతలకు తెచ్చే దిమ్మెలు మోచేతులకు విశ్రాంతినిస్తాయి. పాత నాలుగు గేర్ల బుల్లెట్ల వారు ముందరి పళ్ళచక్రానికి ఒక పన్ను పెంచుకొని, అదే వేగానికి ఇంజను కాస్త నెమ్మదిగా తిరిగేటట్లు చేసుకొనేవారు. ఎత్తు ఎక్కేటప్పుడు దాని పన్ను కట్టవలసి వస్తుంది.

అన్నిటికంటె కష్టమైన నిర్ణయం చక్రాలది. తీగెల స్పోకులు లేని పాతబండిని ఊహించలేము. కాని అటువంటి చక్రంలో సాధారణంగా ట్యూబు ఉండాలి. ట్యూబుకు ముల్లు గ్రుచ్చుకొంటే గాలి త్వరగా పోతుంది, చక్రం విప్పితే గాని బాగుపడదు. సామాను వేసుకొన్న వెనుక చక్రాన్ని నిర్జనమైన దారిలో విప్పడం ఎంత పనో విప్పినవారికి తెలుస్తుంది. ట్యూబులేని టైరు పట్టే అల్లాయ్ చక్రాలు వేసుకొంటే గాలి మెల్లగా దిగుతుంది, పైనుంచే పూడ్చుకొనవచ్చు. బండి అందం కొంత తగ్గుతుంది. ఇద్దరు ప్రయాణం చేసే బండికి నేను అల్లాయ్ చక్రాల వైపే మొగ్గుతాను. వేగంలో వెనుక టైరు చప్పున కూర్చుండిపోవడం అందచందాల సమస్య కాదు.

చట్టం మాట కూడా గుర్తుంచుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ విభాగాన్ని వ్యాఖ్యానిస్తూ, తయారీదారు నిర్దేశించిన మూలలక్షణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చట్రాన్ని కోయడం, రొద చేసే సైలెన్సరు తగిలించడం వంటివాటి జోలికి పోరాదు. బోల్టు విప్పితే మళ్ళీ మొదటి బండి కనబడాలి. ఆగమానికి అదే గదా లక్షణం.

చివరకు అతి పెద్ద ఆదేశం కంపెనీయే చేసింది. పాత బుల్లెట్టు ఇంజనులో సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90. ఒకే ఒక పెద్ద పిస్టను అంత దూరం పైకీ క్రిందికీ కొట్టుకొనడంలోనే ఆ 'డుగుడుగు' ఉన్నది, చేతుల తిమ్మిరీ ఉన్నది. 2009లో ఇంజను కట్టుబడి మార్చినప్పుడు కూడా ఈ కొలతలను అట్లే ఉంచినారు. 2021 క్లాసిక్‌లో మాత్రం 72, 85.8 కొలతలతో సరికొత్త ఇంజను పెట్టి, అదురును అణచే తులాదండం వంటి ఇరుసును లోపల అమర్చినారు. బయటి రూపు దాదాపు అదే. పాతవారు శబ్దం పోయిందని వాపోయినారు.

నా శిష్యుడొకడు పాత క్లాసిక్ అమ్మివేసి ఈ కొత్తది కొని, గాలి అద్దం, వేరే సీటు, ప్రక్క సంచులు అమర్చుకొని, భార్యతో కలిసి రాజమండ్రి నుంచి రామేశ్వరం పోయి వచ్చినాడు. చీరగార్డు ఉంచినాడు. వచ్చిన మరునాడు మా ఇంటికి వస్తే, శబ్దం తగ్గిందట గదా, నీకు వెలితిగా లేదా అని అడిగినాను.

"మొదటి రోజు ఉండింది మాస్టారూ. రెండో రోజు సాయంత్రం బండి దిగి కాఫీ గ్లాసు పట్టుకొంటే చెయ్యి వణకలేదు," అన్నాడు.