రుద్రమదేవి

రుద్రమదేవి కాకతీయ వంశానికి చెందిన మహారాణి. క్రీ.శ. 1262 నుండి 1289 వరకు ఓరుగల్లు రాజధానిగా పరిపాలించింది. కాకతీయ సింహాసనాన్ని అధిష్ఠించిన ఏకైక స్త్రీ ఈమె. శాసనాలలో ఈమె పేరు రుద్రదేవ మహారాజు అని పురుషనామంతో కూడా కనిపిస్తుంది. ఈమె గణపతిదేవునికి ఏమవుతుంది, ఎప్పుడు మరణించింది అనే రెండు విషయాలలో చాలాకాలం పొరపాటు అభిప్రాయాలు ఉండేవి. ఆ రెంటినీ సరిచేసినవి శాసనాలే.

తల్లిదండ్రులు, తోబుట్టువు

రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు. ఇతడు 1199 నుండి 1262 వరకు పాలించాడు. నృత్తరత్నావళి గ్రంథకర్త, గజసేనాధిపతి అయిన జాయపసేనాని సోదరీమణులు నారాంబ, పేరాంబలు గణపతిదేవుని భార్యలు. గణపతిదేవునికి పుత్రసంతానం లేదు. కుమార్తెలలో గణపాంబను ధరణికోట ప్రాంతాన్ని ఏలిన కోట వంశీయుడు బేతరాజుకు ఇచ్చి వివాహం చేసి, రుద్రమను తన వారసురాలిగా నిర్ణయించాడు. చివరి సంవత్సరాలలో ఆమెను తనతోపాటు రాజ్యపాలనలో భాగస్వామిని చేశాడు. అదే శతాబ్దంలో ఢిల్లీ సుల్తాను ఇల్‌టుట్‌మిష్ కూడా కుమార్తె రజియాను వారసురాలిగా ఎంచుకున్నాడు. రజియా పాలన నాలుగేళ్ళకే (1236-1240) ముగియగా రుద్రమదేవి పాలన పాతికేళ్ళకు పైగా సాగింది.

భార్యయా, కుమార్తెయా?

ఏకామ్రనాథుని ప్రతాపరుద్ర చరిత్రము రుద్రమదేవిని గణపతిదేవుని భార్యగా పేర్కొన్నది. మోటుపల్లి రాజ్యాన్ని గురించి వ్రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో కూడా, భర్త మరణానంతరం ఒక వివేకవతి అయిన రాణి న్యాయంగా పాలించిందని తెలిపాడు. వీటి ఆధారంగా ఆమె గణపతిదేవుని భార్య అనే అభిప్రాయం వ్యాప్తిలోకి వచ్చింది. అయితే ఆమె జీవించి ఉన్న కాలంలోనే, 1261లో వేయించిన మల్కాపురం శాసనం (గుంటూరు ప్రాంతం) ఆమెను గణపతిదేవుని కుమార్తెగా స్పష్టంగా చెబుతున్నది. గోళకీమఠాధిపతి విశ్వేశ్వర శివాచార్యునికి చేసిన గ్రామదానాలు, ఆ మఠానికి అనుబంధంగా ఉన్న విద్యాలయం, ఆరోగ్యశాల, ప్రసూతిశాలల వివరాలు కూడా ఈ శాసనంలో ఉన్నాయి.

వివాహం, సంతానం

రుద్రమదేవి భర్త నిడదవోలును పాలించిన తూర్పు చాళుక్య వంశీయుడు వీరభద్రుడు. రాజ్యాధికారం రుద్రమదేవిదే, వీరభద్రుడు పరిపాలనలో ప్రముఖంగా కనిపించడు. వీరికి ముగ్గురు కుమార్తెలు.

ముమ్మడమ్మ: భర్త మహాదేవుడు. వీరి కుమారుడే ప్రతాపరుద్రుడు.
రుద్రమ: భర్త యాదవ రాకుమారుడు ఎల్లణదేవుడు.
రుయ్యమ: భర్త ఇందులూరి అన్నయమంత్రి.

రుద్రమదేవికి కూడా కుమారులు లేనందున మనుమడు ప్రతాపరుద్రుని దత్తత తీసుకొని వారసునిగా చేసింది. ఈ విధంగా వరుసగా రెండు తరాలలో కాకతీయ సింహాసనం కుమార్తెల ద్వారా సంక్రమించింది.

పాలన, యుద్ధాలు

స్త్రీ పాలనను అంగీకరించని కొందరు ఆరంభంలో తిరుగుబాటు చేశారని చెబుతారు. రేచర్ల ప్రసాదిత్యుడు వంటి నాయకులు ఆమె పక్షాన నిలిచారు. ఇతని వంశీయులే తరువాతి కాలంలో రాచకొండ, దేవరకొండ రాజ్యాలను ఏలిన పద్మనాయకులు. నేటి మహబూబ్‌నగర్ ప్రాంతంలోని వర్ధమానపురాన్ని ఏలిన గోన వంశీయులు కూడా కాకతీయుల సామంతులే.

దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తి రాగా రుద్రమదేవి అతనిని ఓడించింది. బీదరు కోటలో లభించిన శాసనం ఆమె అధికారం అక్కడివరకు విస్తరించిన విషయాన్ని తెలుపుతున్నది. ఆమె బిరుదు రాయగజకేసరి.

మరణం - చందుపట్ల శాసనం

వల్లూరు కేంద్రంగా పాలించిన కాయస్థ సామంతుడు అంబదేవుడు రుద్రమదేవి పాలన చివరి సంవత్సరాలలో ఎదురుతిరిగాడు. ఆమె మరణ సంవత్సరాన్ని పూర్వపు చరిత్రకారులు 1295 లేదా 1296గా భావించేవారు. మోత్కూరుకు ఆగ్నేయంగా, నల్లగొండ జిల్లా నకిరేకల్ మండలంలో ఉన్న చందుపట్ల గ్రామ శాసనం ఈ అభిప్రాయాన్ని మార్చివేసింది. (భువనగిరి మండలంలోనూ ఇదే పేరుగల గ్రామం ఉంది.)

శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం మార్గశిర మాసంలో, అనగా 1289 చివరలో, పువ్వుల ముమ్మడి అనే సేవకుడు ఈ శాసనాన్ని వేయించాడు. శివలోకప్రాప్తి పొందిన కాకతి రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికి పుణ్యంగా సోమనాథదేవునికి భూమిని దానం చేసినట్లు ఇందులో ఉంది. మరణకారణాన్ని శాసనం చెప్పలేదు. రాణి, సేనాని ఒకేసారి మరణించడాన్ని బట్టి, అంబదేవుని 1290 నాటి త్రిపురాంతకం శాసనంలోని విజయ ప్రశస్తిని బట్టి, వీరిద్దరూ అతనితో జరిగిన యుద్ధంలో మరణించి ఉంటారని చరిత్రకారుల అభిప్రాయం. మహారాణి మరణాన్ని తెలిపే ఆధారం రాజధానిలో గాక, ఒక సేవకుడు పల్లెలో నిలిపిన రాతిపై దొరకడం విశేషం.

వారసుడు

రుద్రమదేవి అనంతరం ప్రతాపరుద్రుడు 1289 నుండి 1323 వరకు పాలించాడు. 1323లో ఉలుగ్‌ఖాన్ ఓరుగల్లును జయించి అతనిని బందీగా ఢిల్లీకి పంపగా, మార్గమధ్యంలో నర్మదా తీరాన మరణించాడు. దానితో కాకతీయ సామ్రాజ్యం అంతమైంది.

సాహిత్యం, సినిమా

అడివి బాపిరాజు గోన గన్నారెడ్డి నవలలో రుద్రమదేవి ప్రధాన పాత్ర. ఆమె జీవితం ఆధారంగా గుణశేఖర్ దర్శకత్వంలో రుద్రమదేవి చలనచిత్రం 2015లో విడుదలైంది.