దెజిమా దుబాసీలు, డచ్చి వాక్యం

జపాన్ పాలకులు ఐరోపా వారిలో డచ్చివారికి మాత్రమే వ్యాపారానుమతి మిగిల్చి, 1641లో వారిని నాగసాకి రేవులోని దెజిమా అనే చిన్న కృత్రిమ ద్వీపానికి పరిమితం చేశాక, పాశ్చాత్య విద్యలు ఆ దేశంలో ప్రవేశించడానికి డచ్చి భాషే ప్రధాన ద్వారమైంది. దానిని మొదట నేర్చినవారు త్సూజీలు, అంటే వంశపారంపర్యంగా ఆ కొలువు చేసిన దుబాసీలు. వారు చెవిన పడిన మాటలను, వాడుక వాక్యాలను వల్లించి నేర్చారు. సరకుల లెక్కలకు సరిపోయిన ఆ నేర్పు గ్రంథపఠనానికి చాలలేదు. 1774లో సుగితా గెంపాకు, మాయెనో ర్యోతాకు తదితర వైద్యులు ఒక డచ్చి శరీరనిర్మాణ గ్రంథాన్ని 'కైతాయ్ షిన్షో' పేరుతో అనువదించినప్పుడు, మాటమాటకూ అర్థం రాసుకొని, అన్వయాన్ని చాలావరకు ఊహతో కుదుర్చుకోవలసి వచ్చింది; వ్యాకరణ సాయం లేకుండా అంతటి పని నెరవేరడం నేటికీ ఆశ్చర్యం గొలుపుతుంది.

చిక్కంతా క్రియాపదం దగ్గరే ఉంది. డచ్చి ప్రధాన వాక్యంలో కాలాన్నీ పురుషనూ తెలిపే క్రియ రెండో స్థానంలో నిలుస్తుంది కనుక 'నేను పుస్తకం చదువుతాను' అనడానికి 'ఇక్ లేస్ ఎన్ బూక్' అంటారు. ఇందులో 'లేస్' అన్నది క్రియ. కారణం చెప్పే 'ఓమ్‌దాత్' వంటి మాటతో మొదలయ్యే ఉపవాక్యంలోనైతే 'ఓమ్‌దాత్ ఇక్ ఎన్ బూక్ లేస్' అని అదే క్రియ చివరికి పోతుంది. తెలుగులో వలెనే జపనీస్‌లోనూ క్రియ చివర రావడమే సహజం కాబట్టి ఈ రెండో క్రమం వారికి పరిచితమే అయినా, క్రియ ఎప్పుడు ఎక్కడ ఉంటుందో చెప్పే సూత్రం తెలియనిదే దీర్ఘవాక్యం లొంగదు. విడిపోయే క్రియలు మరింత కఠినం: 'ఓప్‌స్తాన్' అంటే నిద్ర లేవడం, కానీ 'ఇక్ స్తా వ్రూఖ్ ఓప్' (నేను పెందలాడే లేస్తాను) అన్నప్పుడు దాని ముందుభాగమైన 'ఓప్' వాక్యం చివర పడుతుంది, ఆ సంగతి ఎరుగని పాఠకుడు నిఘంటువులో 'స్తాన్' చూసి, నిలబడడమనే అర్థం దగ్గరే ఆగిపోతాడు.

దుబాసీ కొలువు విడిచి గ్రంథాలకే అంకితమైన షిజుకి తదావో (1760–1806) విలెమ్ సెవెల్ వ్యాకరణాన్ని ఆధారం చేసుకొని భాషాభాగాలను, కాలభేదాలను జపనీస్‌లో వివరించడంతో ఈ అధ్యయనం శాస్త్రరూపం దాల్చింది. డచ్చి విద్య చరిత్రలో అసలైన మలుపు ఇదే అనవచ్చు. ఆయన రచనలు రాతప్రతులుగా చేతులు మారగా, శిష్యుడు బాబా సదయోషి 1808లో ఎదోకు వెళ్లి ఆ పద్ధతిని అక్కడి పండితులకు నేర్పాడు. 1842లో మిత్సుకురి గెంపో ఒక డచ్చి వ్యాకరణాన్ని జపాన్‌లోనే పునర్ముద్రించాడు. ఒసాకాలో ఒగాతా కోఆన్ నడిపిన తెకిజుకు పాఠశాలలో విద్యార్థులు మొదట వ్యాకరణాన్ని, ఆపై వాక్యనిర్మాణాన్ని చదివాకే శాస్త్రగ్రంథాలు చేపట్టేవారు. అక్కడ చదివిన ఫుకుజావా యుకిచి 1859లో యొకొహామా వెళ్లి, విదేశీ వర్తకుల మధ్య ఇంగ్లీషే చెల్లుతున్నదని గ్రహించి ఆ భాషకు మళ్లాడు. అయితే డచ్చి చదివిన చదువు ఇంగ్లీషు వాక్యాలను విడదీసి అర్థం చేసుకోవడానికి అతనికి అక్కరకు వచ్చింది.