లంబసింగి దారి కథ

డిసెంబరు వచ్చిందంటే చాలు, నక్కపల్లి వైపు నుంచి కోటవురట్ల, నర్సీపట్నం మీదుగా కొండెక్కే కార్లకు లెక్కుండదు. అన్నీ లంబసింగికే. నర్సీపట్నానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున, చింతపల్లి మండలంలో ఉందీ లోయ ఊరు. రాత్రిళ్లు చుట్టూ ఉన్న కొండల మీద చల్లబడిన గాలి జారి లోయలో పేరుకుంటుంది. అందుకే చలి గట్టిగా పడిన ఏడాది ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగుతుంది.

మంచు చూసొచ్చే వాళ్లలో ఆ దారి పుట్టుక తెలిసినవాళ్లు తక్కువ. 1882 మద్రాసు అటవీ చట్టంతో మన్యంలో పోడుకు సంకెళ్లు పడ్డాయి. ఆపైన నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించే పని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేతికొచ్చింది. గిరిజనులను బలవంతంగా పనికి దింపి, చాలీచాలని కూలి విదిల్చాడు. ఆ కడుపుమంటకు అల్లూరి సీతారామరాజు నాయకుడయ్యాడు. గాం సోదరులు గంటందొర, మల్లుదొర ఆయన వెంట నడిచారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లపై దాడులు జరిగాయి. చేజిక్కిన తుపాకులు 26. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో మాటువేసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులను మట్టుబెట్టారు. 1924 మే 7న రాజును కాల్చి చంపారు. ప్రాణాలతో మిగిలిన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు.

ఇప్పుడు లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిదే. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా ఏర్పడింది. తెల్లవారకముందే చెరువులవేనం ఎక్కితే కాళ్ల కింద మేఘాలు కనిపిస్తాయి. తాజంగి జలాశయం, కాఫీ తోటల్లో చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, స్ట్రాబెర్రీ మడులు, శీతాకాలంలో పసుపు పరిచినట్టుండే వలిసె పూలు చూడదగ్గవి. రోడ్డు పక్కన పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క పడకుండానే ముక్క మెత్తగా ఉడుకుతుంది.

లంబసింగి వెళ్లేవాళ్లు తిరుగు ప్రయాణంలో కృష్ణదేవిపేటలోని సీతారామరాజు సమాధినీ చూసి రండి. పిల్లలకు ఆ రోడ్డు ఎవరి చెమటతో పడిందో చెప్పండి. ప్లాస్టిక్ సీసాలు మాత్రం కొండ మీద పారేయకుండా వెనక్కి తెచ్చుకోండి.