వార్సా

పోలండు దేశమునకు రాజధానియగు వార్సా నగరము విస్తులా నదికి ఇరుదరులయందును వ్యాపించియున్నది. 1596 ప్రాంతమున మూడవ సిగిస్మండు రాజు తన ఆస్థానమును క్రాకోవునుండి ఇచ్చటికి తరలింప నారంభించుటతో, ఈ పురము క్రమముగా రాజ్యకేంద్రమయ్యెను.

1944లో ప్రజల తిరుగుబాటును అణచిన పిమ్మట నాజీసేనలు దీనిని బుద్ధిపూర్వకముగా నేలమట్టము గావింపగా, యుద్ధానంతరము పౌరులు శిథిలములనుండి ఏరిన ఇటుకలతోను, 18వ శతాబ్దమున బెర్నార్డో బెల్లోట్టో రచించిన వీథిచిత్రముల ఆధారముతోను ప్రాచీనపురమును పునర్నిర్మించిరి. మానవసంకల్పమునకు పరమనిదర్శనమగు ఈ పురభాగమును యునెస్కో 1980లో ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చినది.

దర్శనీయ స్థలములు: యాత్రికుడు 1644 నాటి సిగిస్మండు స్తంభమును, దాని చెంతనున్న రాచకోటను దర్శించి, రాజమార్గము వెంట దక్షిణముగా నడచినచో, సంగీతకర్త షోపాన్ హృదయము నిక్షిప్తమైయున్న హోలీ క్రాస్ చర్చిని, ఆపై వజియెంకి ఉద్యానమును చూడగలడు.

నవీనాభివృద్ధి: 1955లో సోవియట్ కానుకగా వెలసిన 237 మీటర్ల సంస్కృతి విజ్ఞాన సౌధము చిరకాలము నగరమున అద్వితీయోన్నతమై నిలువగా, నేడు దాని పరిసరములయందు గాజుహర్మ్యములు అనేకములు లేచినవి. వానిలో 2022లో పూర్తియైన 310 మీటర్ల వార్సో టవరు ఐరోపా సమాఖ్యలోని భవనములకెల్ల ఎత్తైనది. 1995లో మొదటి మెట్రో మార్గమును, 2015లో రెండవదియు ప్రారంభమగుటచే నగరసంచారము సుకరమైనది.