చిన్నప్పుడు అబ్బాయిలకు, పెద్దయ్యాక ఆడవాళ్లకు.. ఆస్తమా లెక్క ఎందుకు మారుతుంది?

చిన్నపిల్లల్లో ఆస్తమా మగపిల్లలకే ఎక్కువ. ఊపిరితిత్తుల సైజుతో పోలిస్తే వాళ్ల శ్వాసనాళాలు సన్నగా ఉండటం దీనికి ఒక కారణం. యుక్తవయసు దాటాక లెక్క తారుమారవుతుంది. పెద్దల్లో ఆస్తమా ఆడవాళ్లలోనే ఎక్కువ, ముదిరిన కేసులు కూడా వాళ్లలోనే ఎక్కువ. ఈ మార్పులో సెక్స్ హార్మోన్లకు పెద్ద పాత్రే ఉంది.

హార్మోన్లకు, అలర్జీకి సంబంధం ఏంటి?

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, టెస్టోస్టిరాన్ సంతానానికి సంబంధించినవే అనుకుంటాం. కానీ ఇవి రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. రోగనిరోధక కణాల్లోనూ వీటిని పట్టుకునే రిసెప్టర్లు ఉంటాయి. హార్మోన్ అక్కడ అతుక్కోగానే కణం తీరు మారుతుంది.

మాస్ట్ కణాలు: చర్మం, ముక్కు, శ్వాసనాళాల పొరల్లో ఉంటాయి. వీటి నిండా హిస్టమిన్ ఉన్న చిన్న సంచులుంటాయి. పడని పదార్థం తగిలితే హిస్టమిన్ బయటకొచ్చి తుమ్ములు, దురద, వాపు మొదలవుతాయి. ఈస్ట్రోజెన్ ఈ విడుదలను పెంచుతుందని ల్యాబ్ ప్రయోగాల్లో తేలింది.

ఐఎల్‌సీ2 కణాలు: అలర్జీ తగలగానే ఇంటర్‌ల్యూకిన్-5, ఇంటర్‌ల్యూకిన్-13 అనే రసాయనాలు వదులుతాయి. మొదటిది ఇసినోఫిల్స్‌ను పెంచుతుంది. రక్తపరీక్ష రిపోర్టులో కనిపించే ఇసినోఫిల్స్ ఇవే. రెండోది కఫాన్ని పెంచుతుంది. టెస్టోస్టిరాన్ ఐఎల్‌సీ2 కణాలకు కళ్లెం వేస్తుందని 2017లో ఎలుకలపై వచ్చిన పరిశోధనలు చూపించాయి. యుక్తవయసు తర్వాత చాలామంది అబ్బాయిల్లో ఆయాసం తగ్గడానికి ఇదొక కారణమని భావిస్తున్నారు.

ఆడవాళ్లలో ఎప్పుడు తేడా వస్తుంది?

నెలసరికి ముందు, ఆ రోజుల్లో కొందరికి ఆయాసం, పిల్లికూతలు పెరుగుతాయి. ఇంట్లో దీన్ని నీరసమనో, టెన్షన్ అనో కొట్టిపారేస్తుంటారు. డాక్టర్లు మాత్రం దీన్ని ఆస్తమాలో ఒక రకంగానే గుర్తిస్తారు. గర్భిణుల్లో సుమారు మూడో వంతు మందికి ఆస్తమా తగ్గుతుంది, మూడో వంతు మందికి పెరుగుతుంది, మిగతావారికి మార్పుండదు.

వాపు జబ్బుల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. లూపస్ రోగుల్లో పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే. కీళ్లవాతం చాలామందికి గర్భంతో ఉన్నప్పుడు నెమ్మదించి, కాన్పు తర్వాత మళ్లీ తిరగబెడుతుంది. అయితే హార్మోన్లే సర్వం కాదు. జన్యువులు, బరువు, పొగ, దుమ్ము కూడా కారణాలే.

ఇంట్లో ఏం చేయాలి?

• అమ్మాయికి ఆయాసం వస్తుంటే, వచ్చిన రోజులను నెలసరి తేదీల పక్కన రాసి పెట్టండి. రెండు మూడు నెలల లెక్క చూపిస్తే డాక్టర్‌కు మందు సరిచేయడం సులువవుతుంది.

• కడుపుతో ఉన్నామని ఇన్‌హేలర్ సొంతంగా ఆపొద్దు. ఆస్తమా అదుపు తప్పితే బిడ్డకు అందే ఆక్సిజన్ తగ్గొచ్చు. మందు మార్చాలా వద్దా అనేది డాక్టరే చెప్పాలి.

• అలర్జీ తగ్గుతుందని హార్మోన్ మాత్రలు, ఇంజెక్షన్లు సొంతంగా వాడొద్దు. టెస్టోస్టిరాన్ ఆస్తమాకు మందు కాదు.

• అబ్బాయికి తగ్గిపోయిందని పూర్తిగా మర్చిపోవద్దు. పెద్దయ్యాక కొందరికి మళ్లీ వస్తుంది.

• ఒక వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.